ఒకే ఇప్పచెట్టు మీది రెండు తీగలు

ముత్తయ్య ఈసీజీ ఖమ్మంలోని గుండె డాక్టరుకు సగం వెళ్లి ఆగిపోయింది. ఆసుపత్రి గోడకు బిగించిన, నెట్ లైన్లు వచ్చి చేరే ఫైర్‌వాల్ పెట్టె మీద మొదటి కనెక్షన్ దీపం ఆరింది. మా మేనల్లుడు శ్రీకాంత్ గంట కిందటే తగిలించిన రెండో కనెక్షన్ దీపం కూడా దాంతోపాటే ఆరింది.

"రెండూ ఒక్కసారే ఎట్ల పోతయి మామా?" అన్నాడు వాడు.

రెండు కంపెనీలు, రెండు లైన్లు. ఒకటి తెగితే రెండోది అందుకోవాలి. ఆ ఏర్పాటు చేయడానికే ఇంత దూరం వచ్చాం.

శ్రీకాంత్ ఆఫీసులకు, ఆసుపత్రులకు నెట్‌వర్కులు బిగిస్తాడు. చర్ల రోడ్డు మీదుగా అడవిలోకి వెళ్లాల్సిన చిన్న ధర్మాసుపత్రిలో పని పడింది. విలేకరిగా ఆ దారుల్లో ఏళ్లు తిరిగినవాణ్ని కనుక నన్ను తోడు రమ్మన్నాడు. తెల్లవారుజామున అయిదున్నరకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాం. తల్లాడ దాటాక వెలుగొచ్చింది. పక్క సీట్లో పాల్వంచ వెళ్తున్న పెద్దావిడ శ్రీకాంత్ ఒళ్లోని తీగచుట్టను చూసింది.

"గదేంది బాబూ, బట్టలారేసుకునే తీగనా?"

"ఇంటర్నెట్ తీగ అమ్మా. దవాఖానకు రెండో లైన్ పెడుతున్నం."

"ఒకటి ఉండంగ రెండోది తెచ్చుకునుడు మంచిదేనా? మా ఆయన ఇంటే సంబరపడ్తడు!"

కండక్టరు కూడా నవ్వాడు. ఆ రోజు మేం విన్న ఆఖరి నవ్వు అదే.

కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. భద్రాచలం దగ్గర వంతెన కింద గోదావరి ఇసుకలో సన్నటి పాయ. అక్కడి నుంచి చర్ల బస్సు, దిగాక షేర్ ఆటో. వెళ్లేవారు భోజనం భద్రాచలంలోనే కట్టించుకోవడం మేలు. దారిలో ఏమీ దొరకదు. సెల్ సిగ్నల్ దారిలోనే కాదు, ఆసుపత్రి దగ్గరా అందదు.

ఆసుపత్రిలో డాక్టరు ఉండడు, లలిత సిస్టర్ ఉంటుంది. గుండెనొప్పితో వచ్చినవారికి ఈసీజీ తీసి నెట్‌లో పంపుతుంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ అక్కడి ఫ్రిజ్‌లోనే ఉంది కానీ, ఖమ్మం డాక్టరు చూసి చెప్పనిదే ఇవ్వకూడదు.

"నెట్ పోతే నా చేతులు కట్టేసినట్టే సార్," అందామె.

శ్రీకాంత్ పని ముగించి, పరీక్షకని మొదటి తీగ పీకాడు. ఒక్క క్షణం ఆగి రెండో లైన్ అందుకుంది. సిస్టర్ ముఖం తేటపడింది. పీకిన తీగను వాడు మళ్లీ తగిలించాడు. టీ తాగుతుండగానే ముత్తయ్యను మోటారుసైకిల్ మీద తెచ్చారు. వెనక నుంచి ఆయన్ను పట్టుకుని కూర్చున్నది ఆయన భార్య సమ్మక్క.

ఈసీజీ ఆగిపోయాక ఎదురుచూడడానికి లేదు. సిస్టర్ మాత్ర మింగించి ఆసుపత్రి జీపు తీయించింది. మేమూ అందులోనే ఇరుక్కున్నాం.

కొంత దూరం పోయాక రోడ్డు మీదికి పొగ కమ్మింది. పక్కనే ఇప్పచెట్టు, కింద ఇంకా అంటుకుంటున్న ఆకులు. కొమ్మ నుంచి రెండు నల్లటి తీగలు కరిగి వేలాడుతున్నాయి. డ్రైవర్ నాగులు వేగం తగ్గించాడు.

"అడవిల స్తంభాలు పాతనీకి పర్మిషన్ రాలే సార్. మొదటి కంపెనోళ్లు చెట్లకు కట్టిన్రు. రెండోళ్లు గూడ గా కొమ్మలకే కట్టిన్రు."

"గది మా చెట్టే," అంది సమ్మక్క.

అక్కడ ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. పువ్వు రాలే రోజుల్లో, ఏరుకోవడానికి వీలుగా కింది ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. మంట ఆరేదాకా పచ్చికొమ్మ పట్టుకుని కొడుతూ పక్కనే నిలబడతారు.

"జరసేపటి కింద అంటువెట్టిన. గంతల ఈయన ఛాతి పట్టుకొని కూలవడ్డడు. ఇగ మంట ఎవలు చూస్తరు?" అని, తీగల వైపు చూపించింది. "గవేంటియి బిడ్డా?"

శ్రీకాంత్ సిస్టర్ వైపు చూసి అన్నాడు, "ఫోన్ తీగలమ్మా."

"అయ్యో, ఎవలయో పాపం!"

సిస్టర్ తల తిప్పుకుని రోడ్డు వైపు చూసింది.

భద్రాచలంలో ఆయన్ను లోపలికి తీసుకెళ్లారు. "ఆ ఇంజక్షన్ అక్కడే పడి ఉంటే బాగుండేది," అన్నాడు డ్యూటీ డాక్టరు. సమ్మక్క ఆ మాట వినేంత దగ్గరగానే నిలబడి ఉంది. ఏ ఇంజక్షన్ అని అడగలేదు. మేమూ చెప్పలేదు.

సాయంత్రం ఖమ్మం బస్సులో సీట్లు సులువుగానే దొరికాయి. పాల్వంచ దాటాక శ్రీకాంత్ అన్నాడు, "కంపెనీలు రెండా కాదా అని చూసిన గని, తీగలు ఏ దారిన వస్తయో అడగలే మామా."

నాకు తెలిసినంతలో ఆ ఊరికి ఉన్నది ఒకటే దారి. బస్సు కొత్తగూడెంలో ఆగినప్పుడు వాడు రెండు కంపెనీలకూ ఫోన్ చేశాడు. మర్నాడే మనుషులను పంపి కొత్త తీగలు లాగుతామన్నారు. వేటికి కడతారని అడిగితే, ఆ చెట్లకే అన్నారు. మేం ఖమ్మంలో దిగేసరికి ముత్తయ్య సంగతి ఇంకా తెలియలేదు.