ఉప్పునీళ్లు తాగని గుళికలు

ఈ మధ్య డాక్టర్ల వరండాల్లో పూలకుండీలో మట్టి పోయడం కూడా మానేశారు. మొన్న గుంటూరులో మా పిన్నిని కంటి పరీక్షకు తీసుకెళితే, బల్ల మీద గాజుగ్లాసులో ఎర్రవీ నీలివీ జెల్లీ గోళీలు పోసి, వాటి మధ్య ఓ పచ్చని మొక్కతీగను నిలబెట్టి ఉంచారు. మట్టయితే బల్ల మాస్తుందని కాబోలు.

ఆ గోళీలు నాకు పాత చుట్టాలే. తొంభైల చివర నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మా లాబులో అలాంటి పదార్థమే చేసేవాళ్లం; పంచదార పలుకుల్లా ఉండేది, చిటికెడు గ్లాసులో వేసి డిస్టిల్డ్ వాటరు పోస్తే, కాసేపటికి గ్లాసు బోర్లించినా చుక్క కారేది కాదు. సింగరాయకొండ పక్కన మిరప వేసే మా బాబాయి, నాకు పచ్చడి జాడీ ఇవ్వడానికొచ్చి ఆ తమాషా చూసి, జాడీని చంకలోనే మరిచిపోయాడు. "ఒరేయ్, ఇది మొక్క మొదట్లో వేస్తే వానకీ వానకీ మధ్య దానికి దాహం ఉండదు గదరా!" అన్నాడు. పుస్తకాలూ అదే అంటున్నాయి కనక నేనూ ఔనన్నాను. ఎరువుల కొట్లో అలాంటి గుళికలే అమ్ముతున్నారని వాకబు చేసి, సంచి భుజానేసుకుని వెళ్లాడు.

ఆ ఏడు పిన్ని గుంటగుంటకూ గుళికలు వేస్తే, బాబాయి మొక్క నాటాడు. వానలు మొహం చాటేశాయి. బోరు లోతుకు దిగేకొద్దీ నీళ్లు ఉప్పనయ్యాయి. ఉప్పునీళ్లలో ఆ పదార్థం సరిగా ఉబ్బదని మా మాస్టారు పాఠంలో చెప్పిందే. ఆ మాట చెబుదామని వెళ్లేసరికి బాబాయి వాడిన మొక్కనొకదాన్ని పీకి వేళ్లు చూపించాడు. గుళికలు నానీ నానని సగ్గుబియ్యంలా ఉన్నాయి. మంచినీళ్లు పెట్టాలన్నాను.

"మంచినీళ్లే ఉంటే నీ గుళికలతో నాకేం పనిరా?" అన్నాడు. కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాయ పట్టకుండానే తోట ఎండిపోయింది. ఆ తర్వాత ఆయన సేద్యం జోలికి పోలేదు. తాడేపల్లిలో ఓ అపార్టుమెంటుకు కాపలా ఉంటూ, రెండుపూటలా మోటారు వేసి పైట్యాంకు నింపుతూ, అక్కడే పోయాడు. చేను రొయ్యల చెరువైంది; ఆ నీళ్లతో పేచీ లేనివి రొయ్యలే మరి.

ఆ విద్య మాత్రం బాగా బతికింది. పసిపిల్లల డైపర్లలోకి, కాలిన గాయాల పట్టీల్లోకి, కంట్లో పెట్టుకునే లెన్సుల్లోకీ చేరింది. ఉప్పుకు ఓర్చుకునే రకాలూ వచ్చాయట. సైన్సు వస్తే చేలు పచ్చబడతాయని మన తరానికి బళ్లో చెప్పారు. వచ్చింది. చేను దాకా రావడమే కాస్త ఆలస్యమైంది.

పిన్ని గ్లాసులోంచి ఓ గోళీ తీసి, వేళ్ల మధ్య నొక్కి, కారిన తడిని మసక కళ్లతో చాలాసేపు చూసింది.

"ఇక్కడ మాత్రం బాగానే ఉబ్బాయేంరా?" అంది.