గెడ్డ మలుపులో అప్పలస్వామి శెట్టి గారు

బెల్లం వర్తకులు అప్పలస్వామి శెట్టి గారు కన్నుమూశారన్న కబురు వచ్చినప్పుడు నేను వారి కొట్టులోనే తూకం వేస్తున్నాను. చేతిలోని గుండు చేతిలోనే ఉండిపోయింది. వారం రోజులుగా జ్వరమని తెలుసు; ఇంత పని చేస్తుందనుకోలేదు. అయిదో తరగతితో ఆగిపోయిన ఈ గుమాస్తాను గ్రంథాలయం మెట్లెక్కించినవారు వారే.

దారులు రాజులు వేయించారని చరిత్ర గ్రంథాల్లో చదివాను. చోడవరం నుంచి అనకాపల్లి వచ్చే మా రోడ్డు విషయంలో అది సగమే నిజం. మాడుగుల కొండల కింది నుంచి బెల్లం మోసుకొచ్చే ఎడ్లు తొక్కి తొక్కి వేసిన బాట అది. కంకర, వంతెనలు తర్వాత వచ్చాయి. ఈనాటికీ బండివాళ్లు సాయంత్రం బండి కట్టి నిద్రపోతారు. తెల్లవారేసరికి ఎడ్లే ఊరు చేరుస్తాయి.

యుద్ధానికి ముందు ఒక తుఫానులో దారి పక్కన పారే గెడ్డ పొంగి పాత రోడ్డును నిలువునా కోసేసింది. ఎడమకు మలుపు తిప్పి కొత్త రోడ్డు వేశారు, బోర్డు పాతారు. ఆ ఏడు చెరకు గానుగలు మొదలవగానే శెట్టి గారి కొట్టుకు వస్తున్న బండి ఒకటి అలవాటుగా పాత దారినే పోయి గండిలో పడింది. బండివాడూ దక్కలేదు, ఎడ్లూ దక్కలేదు.

ఆనాటి నుంచి శెట్టి గారు వేకువనే అక్కడికి వెళ్లి, వచ్చిన ప్రతి జతనూ ముక్కుతాడు పట్టి మలుపు దాటించేవారు.

“ఏటి బావా, బేరం మానేసి ఎడ్లకి బడెట్టేవా?” అని ఒక వర్తకుడు ఎగతాళి చేశాడు.

“మరేటి సెయ్యమంటావు? బోర్డు నువ్వు సదువుతావు, నేను సదువుతాను. అవి సదవ్వు కదా!”

“నీ కొట్టుకొచ్చే బళ్లు సూసుకో, సాల్లే.”

“ఏ బండి ఎవలిదో గండికి తెల్దు బావా.”

ఎడ్లు నేర్చుకున్నాయి. ఆ తర్వాత ఒక్క బండీ పడలేదు. కొత్త ఎడ్లను కొన్నవాళ్లు ముందుగా శెట్టి గారి దగ్గరకే తోలుకొచ్చేవారు.

ఈ వానాకాలం గెడ్డ మళ్లీ గట్టును ఒరుసుకుని పారింది. యుద్ధకాలమంతా మిలటరీ లారీలు కుదిపిన కొత్త మలుపు అడుగున మట్టి జారిపోతోంది. శెట్టి గారు వానలో వెళ్లి చూసి వచ్చి మంచం పట్టారు.

“తమరు ఎన్ని ప్రాణాలు కాపాడేరండి బాబూ,” అని ధైర్యం చెప్పబోయాను.

“ఊరుకోరా! ఎడ్లు నన్ను నమ్మేసేయి. ఇప్పుడు ఆ దారి కాదని వాటికి ఎవడు సెప్తాడు?” అని గోడవైపు తిరిగిపోయారు.

అటువంటి మనిషిని ఈ ఊరు మళ్లీ చూడదు. వారి పటానికి దండ వేయడం కన్నా ముందు మనలో ఎవరో ఒకరు రోజూ ఆ మలుపులో నిలబడాలి. నిన్న ఉదయం నేను వెళ్లాను. అంచున పడిన చీలికలో నా చెయ్యి మోచేతి దాకా దిగింది. అంతలో చోడవరం వైపు నుంచి మువ్వల చప్పుడు వినిపించింది. కేకలు వేశాను, బండివాడు లేవలేదు. ముక్కుతాడు పట్టి ఎడ్లను పక్క పొలంలోకి తిప్పబోయాను. అవి నన్ను తోసుకుని, శెట్టి గారు నేర్పిన వైపే తిరిగాయి.

బండి దాటిపోయింది. నిన్నటికి గట్టు నిలిచింది.