ఏడు లీటర్లలో విజయనగరం

మేం సాలూరులో దిగేసరికి వాన వెలిసింది. గాలి మాత్రం ఇంకా ఈల వేస్తోంది. పొద్దున్న ఎనిమిది గంటలు. రోడ్డుకి రెండు పక్కలా లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. డీజిలు లేదు. తుపాను దాటి రెండు రోజులైంది.

అరవయ్యో దశకం చివరి మాట. విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు, సాలూరు కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నేను సైన్యంలో డ్రైవర్ని. మా ఊరు ఎచ్చెర్ల దగ్గర. సైన్యంలో పనిచేశానంటే చాలు, యుద్ధం సంగతులు చెప్పమంటారు పిల్లలు. నాకు ముందు గుర్తొచ్చేది సాలూరులో చేసిన ఆ డ్యూటీయే.

మా దళానికి పెద్ద ఒక సుబేదారు, హిమాచల్ కొండల మనిషి. మలయాళీ మెకానిక్ ఒకడు, మరాఠీ రేడియో ఆపరేటరు ఒకడు, పదిమంది జవాన్లు. ఒక లారీ, ఒక జీపు. జీపు నాది. తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి మాటలు అటూ ఇటూ చేరవేసే పని కూడా నా మీదే పడింది.

ఆర్డరు చిన్నది. కొండ కింద ఊళ్లకి బియ్యం, మందులు చేర్చాలి. మొదటి రోజే జీపు ఇరుసు దాకా బంకమట్టిలో దిగబడింది. జవాన్లు భుజాలు పెట్టి లేపారు. సాయంత్రం మెకానిక్ జీపు సన్న టైర్లు విప్పేసి, మా లారీలో ఉన్న లావు టైర్లు నాలుగు ఎక్కించాడు. లోపలి ఇనుప రిమ్ము కొలత అదే. పైన టైరు మాత్రం వెడల్పు, ఎత్తు, బరువు అన్నీ ఎక్కువ. బండి మూడు వేళ్ల ఎత్తు లేచింది. మర్నాడు అదే బురదలో ఏనుగులా నడిచిపోయింది. నేను హారన్ కొట్టి మరీ దాటించాను.

వారం తిరిగేసరికి ఎండ కాసింది. రామభద్రపురం నుంచి బియ్యం తేవడానికి తారురోడ్డు మీద తిరుగుతున్నాం. అప్పుడు మొదలైంది గోల. పెట్రోలు నిలవట్లేదు.

"నీ కాలు బరువెక్కింది. యాక్సిలరేటర్ మీద నిద్రపోతున్నావా?" అన్నాడు సుబేదారు.

"కాలు పాతదే సాబ్. టైర్లే కొత్తవి," అన్నాను.

మెకానిక్ తల గోక్కున్నాడు. "సాబ్, మీటరు కూడా కొంత తప్పు చెబుతోంది. అది దూరాన్ని చూడదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. పెద్ద చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మనం పది కిలోమీటర్లు పోతే అది తొమ్మిదే అంటుంది."

"అంటే పెట్రోలు బాగానే ఇస్తోందా?"

"అదీ లేదు. మీటరు తప్పు తీసేసినా ఎక్కువే తాగుతోంది. ఎంతో తెలియాలంటే రాళ్ల లెక్కన చూడాలి."

కిలోమీటరు రాళ్లు కొత్తగా పాతిన రోజులవి. సుబేదారు వెంటనే, "రేపు ఆరింటికి పరీక్ష," అన్నాడు.

పొద్దున్నే ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. డీజిలు లేక ఖాళీగా కూర్చున్న లారీ డ్రైవర్లకి అంతకన్నా పండగేముంది! మెకానిక్ ట్యాంకు గొట్టం ఊడదీసి, లీటరు పెట్రోలు పోసిన గాజు సీసాలో ముంచాడు. సీసాని పక్కసీటులో వాడే ఒళ్లో పెట్టుకున్నాడు. సీసా ఖాళీ అయితే బండి ఆగుతుంది. ఆగిన చోట రాయి చూసుకోవాలి.

నెరిసిన మీసాల లారీ డ్రైవరు ఒకాయన పందెం కట్టాడు. "పెద్ద సక్రం ఒక్క సుట్టుకే ఎక్కువ దూరం ఎల్తాది గదా బావూ! తక్కువ సుట్లు, తక్కువ పెట్రోలు. లావు టైరే గెలుస్తాది సూడు. ఓడిపోతే అందరికీ టీ నాదే."

నాకూ ఆ మాట నిజమేననిపించింది. కానీ లావు టైర్లతో ఏడో రాయికి కాస్త ఇవతలే ఇంజను దగ్గి ఆగిపోయింది. వెనక్కొచ్చి సన్న టైర్లు వేశాం. అదే లోడు, అదే వేగం, అదే కాలు. ఎనిమిదో రాయి దాటింది. నేను పాట అందుకున్నాను. తొమ్మిదో రాయి దగ్గర ఆగింది.

సుబేదారు కారణం అడిగాడు. "లావు టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, నిజమే. కానీ ఆ చుట్టు తిప్పడానికి ఇంజను ఎక్కువ ముక్కాలి. బరువు ఎక్కువ, రోడ్డుని రాసుకునే వెడల్పు ఎక్కువ. టాప్ గేరులో లాగలేక వీడు మాటిమాటికీ కింది గేరు వేస్తున్నాడు. బురదలో అది రాజు. తారు మీద సన్న టైరే మేలు," అన్నాడు మెకానిక్.

మీసాలాయన నవ్వుతూ లుంగీ ఎగ్గట్టాడు. "ఓడిపోనాను. రండి, తాగండి!"

మర్నాడు మళ్లీ కొండదారి పని ఉంది. లావు టైర్లే మళ్లీ ఎక్కించాం.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్న పదిన్నరకి కొండ కింది పల్లె నుంచి డోలీ దిగింది. అందులో నిండు చూలాలు, పేరు పైడమ్మ. పక్కన వాళ్లమ్మ. సాలూరు ఆసుపత్రి నర్సు చూసి పరుగున మా దగ్గరికొచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషను కావాలి. ఆపరేషను చేసే డాక్టరు విజయనగరంలోనే ఉన్నారు."

బస్సుల్లేవు. లారీలు కదలవు. జీపులో, డబ్బాలో కలిపి మిగిలిన పెట్రోలు ఏడు లీటర్లు. ఆపరేటరు రేడియో మీదకి వంగాడు. అవతలి గొంతు గరగరలాడింది. "పెట్రోలు బండి ఇంకో దారిలో, తెగిన వంతెన అవతల ఉంది. రేపు సాయంత్రం దాకా రాదు. ఓవర్."

"విజయనగరం ఎంత?" అన్నాడు సుబేదారు.

"యాభై ఏడు రాళ్లు సాబ్," అన్నాను.

లెక్క అందరికీ ఒకేసారి అర్థమైంది. లీటరుకి ఏడు చొప్పున నలభై తొమ్మిది. తొమ్మిది చొప్పున అరవై మూడు.

"టైర్లు మార్చు!" అని సుబేదారు అరిచేలోపే మెకానిక్ పానా పట్టుకుని బండి కింద ఉన్నాడు. మీసాలాయన తన జాకీ తెచ్చాడు. ఇంకెవరో పంపు తెచ్చారు. నాలుగు చక్రాలకీ నలుగురేసి మనుషులు. మెకానిక్ గాలి గట్టిగా కొట్టించాడు. మెత్తటి టైరు పెట్రోలు తాగుతుందని వాడి మాట. స్టెప్నీ దించేశాం. గొలుసులు, పారలు, పెట్టెలు అన్నీ దించేశాం. సుబేదారు నా బూట్ల వైపు కూడా చూశాడు. "ఇవి ఉంచుకోనివ్వండి సాబ్," అంటే ఆ గాబరాలోనూ నర్సు నవ్వింది.

పదకొండింటికి కదిలాం. వెనక పైడమ్మ, వాళ్లమ్మ, నర్సు. నా పక్కన ఎవరూ లేరు, బరువని. ఒకే వేగం, టాప్ గేరు. బ్రేకు వీలైనంత వరకు ముట్టుకోలేదు. రామభద్రపురం దాటాం.

పైడమ్మ పళ్లు బిగబట్టి అడిగింది. "బావూ, ఇంకెంత దూరమున్నాది?"

"దగ్గరే తల్లీ."

"అబద్దమాడకు. నాను రాళ్లు సూస్తన్నాను."

"ఓలమ్మ! నొప్పుల్లోన కూడా ఊరుకోదు ఇది," అంది వాళ్లమ్మ, ఏడుస్తూనే నవ్వుతూ.

గజపతినగరం దాటాక రోడ్డుకడ్డంగా చెట్టు పడి ఉంది. పక్క ఊరి మీదుగా చుట్టు తిరిగాం. ఆ చుట్టుతో మిగులుతుందనుకున్న పెట్రోలు కాస్తా పోయింది. పెట్రోలు ముల్లు సున్నా మీద వాలింది. నలభై తొమ్మిదో రాయి వచ్చింది, వెళ్లింది. యాభై. యాభై మూడు. విజయనగరం ఇళ్లు కనిపించాయి. కోటగోడ కనిపించాక ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గి ఊరుకుంది.

నేను దూకి అరిచాను. "ఆసుపత్రి! తొయ్యండి!"

ఏటి, ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. కూరగాయల గంపలు దించి ఒకరు, సైకిలు గోడకి వాల్చి ఒకరు, పంచె ఎగ్గట్టి హరికథ భాగవతారొకరు. సన్న టైర్లు నున్నటి రోడ్డు మీద సులువుగా దొర్లాయి. ఆసుపత్రి గేటు దాటాక కూడా వాళ్లు తోస్తూనే ఉంటే, ఆపడానికి నేను బ్రేకు వెయ్యాల్సొచ్చింది.

మూడింటికి నర్సు బయటికొచ్చింది. చెమటలు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. "గుంట పుట్టింది, ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు." పైడమ్మ వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేనూ ఏడ్చేశాను.

పెట్రోలు వచ్చాక తిరిగి వెళ్లాను. రోడ్లు బాగుపడ్డాయి. మాకు బదిలీ ఆర్డరు వచ్చింది. బయల్దేరే రోజు పైడమ్మ పల్లె మగవాళ్లు, రొమ్ముకి తప్పెటలు కట్టుకుని ఎగిరి ఆడే తప్పెటగుళ్లతో సాలూరు వచ్చారు. ఎండలో, నడిరోడ్డు మీద గజ్జెలు కట్టి దుమ్ము రేపారు. పైడమ్మ బిడ్డనెత్తుకుని అరుగు మీద కూర్చుంది.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. మంచుకొండల్లో నడిపాను, ఎడారిలో నడిపాను. ఉద్యోగం ముగించుకుని మా ఊరొచ్చి పొలం చూసుకున్నాను. చాలా మర్చిపోయాను. ఒక్కటి మాత్రం పోదు. ఆ బయల్దేరే రోజు, ఎప్పుడూ నవ్వని మా సుబేదారు రొమ్ముకి ఎవరో తప్పెట కట్టారు. ఆయన ఒక్క క్షణం అటెన్షన్‌లో నిలబడ్డాడు. తర్వాత ఆ బరువైన బూట్లతోనే గాల్లోకి ఎగిరాడు.