లింగవ్వ కడిగిన రంగులు

లింగవ్వ తండ్రి నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసేవాడు. ఆమె చేతికి బ్రష్షు అక్కడే వచ్చింది. పెళ్లయి బెల్లంపల్లి వచ్చాక బొమ్మల బదులు మనుషుల ముఖాలు దొరికాయి. భర్త రామచంద్రానికి బజారులో, ఇంటి ముందుగదిలోనే ఫోటో స్టూడియో ఉంది. అతను ఫోటో తీసి, కడిగి, కాగితం మీదికి ఎక్కిస్తే ఆమె దాని మీద రంగులు అద్దేది. చీరెకు ఎరుపు, నగలకు పసుపు. ముఖానికి మాత్రం ఎవరికైనా ఒకటే రంగు, పాలలో చిటికెడు కుంకుమ కలిపినట్టు. బొగ్గుబాయిలో దిగేవాడికీ అదే, దొరల ఆడబిడ్డకూ అదే. అద్దవద్దని ఎవరూ అనలేదు.

1966లో మనోరమ అన్నది.

మనోరమ దయాకర్‌రావు దొర బిడ్డ. హైదరాబాదులో బి.ఎ. చదివి వచ్చింది. మనిషి నలుపు. జగిత్యాల నుంచి ఆమెను చూడవచ్చినవాళ్లు లింగవ్వ రంగులద్దిన ఫోటో పట్టుకుని వచ్చారు. పెండ్లికొడుకు తల్లి ఫోటోనూ పిల్లనూ మార్చి మార్చి చూసింది.

"గీమె అక్కనా, చెల్లెనా? ఫోటోల ఉన్న పిల్లను పిలువుండ్రి."

చాయ్ తాగకుండానే లేచిపోయారు.

మర్నాడు మనోరమ ఆ ఫోటో తెచ్చి లింగవ్వ ముందు పెట్టింది.

"నాకు సున్నం కొట్టింది నువ్వేనా?"

"నేనే. దొర కొట్టుమన్నడు, కొట్టిన. గోడ గూడ ఒద్దన్లే."

మనోరమకు కోపంలోనే నవ్వు వచ్చింది. "ఇప్పుడు అంటున్నది గోడ."

"అంటె ఏమైతది దొరసానీ? నేను పుయ్యకుంటె దొర వాపసు పంపుతడు. మా ఆయన మళ్ల నా ముంగటనే పెడ్తడు."

"అయితే బ్రష్షు ఆనని ఫోటో తీయాలె."

దానికి తగ్గ ఫిలిం ఉందని ఆమెకు తెలుసు. తనతో చదివిన ఒకామె అన్న బొంబాయి నుంచి ఒక రంగుల ఫిలించుట్ట, దాన్ని కడిగే మందుల పొట్లాలు పంపాడు. ఈ ఫిలిం మీద బొమ్మ ఉన్న రంగుల్లోనే నిలుస్తుంది. అట్టచట్రంలో బిగించి వెలుతురుకు పెట్టి చూడటమే. కాగితం లేదు. బ్రష్షుకు చోటు లేదు.

రామచంద్రం దాంతో మనోరమ ఫోటోలు తీశాడు. ఇంట్లో కడగడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"బొంబాయోళ్లు కడిగేది నువ్వు కడుగుతవా? చెడగొడితె దొర నా తోలు తీస్తడు."

"బొంబాయిల నీళ్లు వేరేనా?" అన్నది లింగవ్వ.

బొంబాయి పంపితే అది దొర పేరునే తిరిగి వస్తుంది. నల్లగా ఉన్న ఫోటో దొర చేతికి వస్తే ఇంకెవరి చేతికీ పోదు. కరీంనగర్ నుంచి మరో సంబంధం వాళ్లు అప్పటికే ఫోటో అడిగారు. పంపవలసింది ఇప్పుడే.

రామచంద్రం పెళ్లి ఫోటోలకని రెబ్బెనకు పోయిన పగలు మనోరమ వచ్చింది. చీకటిగది తలుపు బయట ముక్కాలిపీట మీద కూర్చుని, మందులతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివి చెప్పింది. లోపల లింగవ్వ చేసుకుంటూ పోయింది. మందు వేడెక్కకూడదు. రంజన్ కుండలోని చల్లనీళ్లు తొట్టిలో పోసి గిన్నెలు అందులో నిలబెట్టింది. చీకట్లో మొదటి మందు అయింది.

"ఇప్పుడు దీపం వెయ్యాలె."

"ఫిలింకా? దీపమా?"

"అట్లనే ఉన్నది లింగవ్వా. వెలుతురు తగిలిన దగ్గరనే తర్వాతి మందుల రంగు పడుతుందట."

లింగవ్వ చెయ్యి స్విచ్చు దాకా పోయింది. స్టూడియోలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె విన్నది ఒకటే మాట, కడగడం పూర్తయ్యేదాకా ఫిలింకు వెలుతురు చూపొద్దని. అయినా బల్బు వేసింది. ఫిలింను ఒక కొస నుంచి దాని ముందు మెల్లగా జరపడం మొదలుపెట్టింది.

సగం జరిగింది. అప్పుడు రామచంద్రం అనుకున్నదానికన్నా ముందే రెబ్బెన నుంచి తిరిగి వచ్చాడు. తలుపు సందులోంచి వెలుతురు కనిపించింది. మనోరమ ఆగుమంటున్నా వినలేదు. లోపలికి దూకి, తలుపు మూసి దీపం ఆర్పాడు. ఫిలిం గుంజుకుని మూడో గిన్నెలో పడేశాడు. ఎప్పుడూ అక్కడ ఉండేది హైపో, ఫిలింను ఇక చెడకుండా కాపాడే నీళ్లు. ఇవాళ అక్కడ ఉన్నది రంగు పట్టించే మందు. పైన మూత పెట్టి రెండు చేతులతో అదిమిపట్టాడు.

"కాపాడిన!"

"నీ కాపాడుడు పాడుగాను! సగానికి వెలుతురే సరిగ తగల్లేదు. తియ్యి చెయ్యి!"

"తియ్య. నా పానం పోయినా తియ్య."

బయటి నుంచి మనోరమ, మందులో పడ్డాక వేళ అయ్యేదాకా కదపొద్దని కాగితంలో ఉన్నట్టు చెప్పింది. ఇద్దరూ చీకట్లో గిన్నె మీద చేతులు పెట్టి తిట్టుకుంటూ నిలబడ్డారు. మూత తీసినప్పుడు ఫిలిం నల్లగా ఉంది.

"బాయిల కెళ్లి తెచ్చినట్టున్నది," అన్నాడు రామచంద్రం. "పారెయ్యి."

"ఇంకా మందులున్నయి," అన్నది లింగవ్వ.

ఉన్నాయి. ఆ నలుపును కరిగించే మందు పోసింది. ఆ పైన హైపో. బొమ్మలు మెల్లగా బయటపడ్డాయి. కడిగి, దండెం మీద ఆరేసి, కిటికీ ముందు పట్టి చూసింది. దీపం తగిలిన సగంలో మనోరమ మనోరమలాగే ఉంది. నల్లని నుదురు, దాని మీద మెరుపు, ముదురాకుపచ్చ చీరె. సరిగా తగలని సగంలో రంగు నిండుగా పడలేదు. చీరె వెలిసింది. ముఖం పాలిపోయి తెల్లబడింది.

మర్నాడు దయాకర్‌రావు దొర వచ్చాడు. కరీంనగర్‌కు పంపవలసిన ఫోటో అయిందా అని. మనోరమ వెంట ఉంది. లింగవ్వ ముక్కలుగా కత్తిరించి ఉంచిన ఫిలిం చూపించింది. ఆయన ఒక్కో ముక్క కిటికీకి పెట్టి చూశాడు. పాలిపోయిన ముక్క దగ్గర ఆగాడు.

"గిది మంచిగున్నది. గిదే పంపు."

"గది నేను కాపాడిందే దొరా," అన్నాడు రామచంద్రం.

"గది చెడిపోయింది దొరా," అన్నది లింగవ్వ.

"చెడితెనే మంచిగున్నది గద."

లింగవ్వ ఆయన చేతిలోంచి ఆ ముక్క తీసుకుని కత్తెరతో ముఖం నడిమికి కత్తిరించింది. మిగిలిన పాలిపోయిన ముక్కలు కూడా ఒకటొకటిగా కత్తిరించింది. 

"చెడిపోయింది మా దుకాణం కెళ్లి బయటికి పోదు."

"ఎవరి ముంగట నిలవడ్డవో ఎరుకేనా నీకు?"

"ఎరుకే దొరా. మీరు నిలవడ్డది గూడ నా ఇంట్లనే."

మనోరమ మిగిలినవాటిలోంచి ఒకటి ఏరుకుని అట్టచట్రంలో పెట్టింది.

"గిది నేనే పంపుత నాయినా. వచ్చేటోళ్లు వస్తరు."

దొర కండువా దులుపుకుని మెట్లు దిగాడు. బిడ్డ కోసం ఆగలేదు. ఆమె పోస్టాఫీసు దాకా ఒక్కతే నడిచి పోయింది.

కరీంనగర్ వాళ్లు వచ్చారు. పిల్లను చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. సంబంధం జాతకాల దగ్గర ఆగిపోయింది. తర్వాత అడిగినవాళ్లకు కూడా మనోరమ ఆ చట్రాన్నే పంపింది.

దొర ఇంటి పని మళ్లీ స్టూడియోకు రాలేదు. రామచంద్రం చాలా రోజులు గొణిగాడు. లింగవ్వ ముఖాలకు రంగు అద్దడం మానేసింది. తెల్లముఖం కావలసినవాళ్లు మంచిర్యాలకు రైలెక్కారు. ఆమె చీరెలకూ పూలకూ రంగులు వేస్తూ కూర్చుంది.