మూడు రోజులు రుద్దిన మచ్చ

మా బాబాయి ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండదు. జబ్బు కాదు, వృత్తి. పాతకాలపు మడత మంగలికత్తులు బాగుచేస్తాడు. పదును చూడాలంటే కత్తిని చేతిమీద అలా ఆనించి లాగాలి, వెంట్రుకలు వాటంతటవే రాలాలి. పని జోరుగా ఉన్న నెలల్లో ఆ చెయ్యి అయిపోయి నా దగ్గరికొస్తాడు. "నీ చెయ్యి ఖాళీగానే ఉందిగా" అంటాడు. కాలేజీ మానేసినవాణ్ణని ఎత్తిపొడుపు. నిజమే కాబట్టి చెయ్యి చాపుతాను.

వంటింటి పక్క వరండాలో, కిటికీ కింద ఆయన పీట. ముందు ఉప్పుకాగితం, తర్వాత నున్నటి రాయి, ఆఖర్న తోలుపట్టీ. కత్తిలో తన పళ్ళు కనబడేదాకా వదలడు.

"ఇన్నేళ్ళ కాపురంలో నా మొహం ఇంతసేపు చూశారా?" అంటుంది పిన్ని.

"నువ్వు తుప్పు పట్టలేదుగా."

ఆ పూట టీ ఉండదు.

పోయిన నెల బస్టాండు పక్క సెలూన్ పెద్దాయన ఒక కత్తి తెచ్చాడు. వాళ్ళ నాన్నదట. తుప్పు పట్టి ఎండు చింతకాయలా ఉంది. "నిన్ను నమ్మి ఇస్తున్నానయ్యా" అన్నాడు. ఊళ్ళో సెలూన్లన్నీ ఆయన మాటే వింటాయి. ఆయన బాగుందంటే బాబాయికి ఏడాది పొడుగునా పని. కాదంటే ఆ రాళ్ళు పొయ్యికి పెట్టుకోవాల్సిందే.

బాబాయి పదకొండు రోజులు కూర్చున్నాడు. పిడి దగ్గర గింజంత నల్ల మచ్చ ఒకటి ఎంతకీ పోలేదు. దానికే మూడు రోజులు. పోగానే అందర్నీ పిలిచి చూపించాడు. "లేనిదాన్ని ఏం చూడమంటారు?" అంది పిన్ని.

మొన దగ్గర మాత్రం నూలుపోగంత మెలిక ఉండిపోయింది. సరిచేయబోతే పుటుక్కున విరుగుతుందని భయం. "ఎవరితో అనకురా" అన్నాడు నాతో.

పెద్దాయన వచ్చాడు. కత్తిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది మా నాన్నది కాదు."

"అదేంటండీ!"

"మా నాన్న కత్తికి పిడి దగ్గర నల్ల మచ్చ ఉండాలి. పుట్టుమచ్చలాగ. ఏదయ్యా? అసలుది అమ్ముకుని కొత్తది నా చేతిలో పెడతావా?"

బాబాయి పిడి కేసి చూశాడు. ఉన్న ఒక్క సాక్షినీ మూడు రోజులు కష్టపడి తనే చంపుకున్నాడు. గుమ్మంలో అప్పటికే పక్కింటివాళ్ళు చేరారు.

నాకు ఒళ్ళు మండింది. "చూస్తే తెలియకపోతే గీయించుకుని తేల్చుకోండి" అన్నాను.

"మా నాన్న పోయాక నా గడ్డం మీద ఇంకొకడి చెయ్యి పడలేదు" అని గొణుగుతూనే కుర్చీలో కూర్చున్నాడు.

బాబాయి నురగ పట్టించాడు. కుడి చెంప మీద కత్తి వెన్నలో దిగినట్టు దిగింది. ఎడమ చెవి కిందికి వచ్చేసరికి మెలిక తన బుద్ధి చూపించింది.

"స్స్!"

అక్కడ ఎర్రటి చుక్క. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయన వేలితో తడుముకున్నాడు. పాత గాటు పక్కనే కొత్త గాటు.

"పెళ్ళిరోజున కూడా ఇక్కడే కోశాడు మా నాన్న" అన్నాడు మెల్లగా. "ఆయనకి చెయ్యి కుదరదని నలభై ఏళ్ళుగా తిట్టుకుంటున్నాను. ఇది మా నాన్న కత్తే. తప్పంతా దీనిదా!"

సగం నురగతో నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. కత్తిని రెండు చేతులా పట్టుకుని మొన కేసి చూశాడు.

"మరి ఆ వంకర తియ్యలేదేమయ్యా?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మీ నాన్నగారి గుర్తు కదండీ... ఉండనిద్దామని."

లోపల్నుంచి పిన్ని దగ్గు వినిపించింది. నేను గోడవైపు చూశాను.

తర్వాత వచ్చిన పనికి నా చేతులు రెండూ నున్నబడ్డాయి. ఇప్పుడు బాబాయి ప్రతి కత్తికీ పిడి దగ్గర గోరంత తుప్పు వదిలేస్తున్నాడు. ఎవరైనా అడిగితే "సాక్షి" అంటాడు. మొన్న ఒకాయన తళతళలాడే కత్తి తెచ్చి కాస్త పదును పెట్టమన్నాడు. బాబాయి దాన్ని వెతికి వెతికి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"మచ్చే లేదు. ముందు తుప్పు పట్టించుకుని రండి."