తవుడుకు కొన్న పిల్ల

తొంభైల్లో మా పేటకు సర్వేవాళ్ళు వచ్చినప్పుడు నా పిల్లకు మూడో నెల. మాది నరసాపురం దిగువన, సముద్రం వైపు, చేపలు పట్టేవాళ్ళ పేట. జీపును కాలవ అవతల రైతుల ఊళ్ళో ఆపి, ఇసకలో నడిచి వచ్చారు. చంకలో ఫైలున్నవాళ్ళను నేను నమ్మను. అంతకుముందు అలా వచ్చినవాళ్ళు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఆడవాళ్ళను పోగేసుకుపోయారు.

మా గుమ్మంలోకి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, ఆవిడ వెనక ఒక మగమనిషి వచ్చారు. ఆవిడది చల్లటి మాట. ఆ చల్లదనం చూస్తేనే నాకు అనుమానం.

“రైతుల ఊళ్ళో కంటే మీ పేటలో పసిపిల్లలు ఎక్కువగా పోతున్నారండి. ఎందుకో తెలుసుకుందామని వచ్చాం,” అంది.

నాకు ఒళ్ళు మండింది. నర్సమ్మ కాలవ దాటి మా వైపు రాదు. వానల్లో నొప్పులొస్తే పడవే దిక్కు. అదంతా వదిలేసి, మాకు శుభ్రం లేదని రాసుకుపోతారనుకున్నాను.

“మీకెంతమంది పిల్లలండి?”

“లేరండి.”

పిల్ల నా ఒళ్ళో పాలు తాగుతోంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

“మరి ఈ పాప?”

“పక్కింటి పిన్నిదండి.”

నాకు అంతకుముందు ఇద్దరు పుట్టి నిలవలేదు. ఇదీ పోతుందేమోనని, పుట్టగానే చేటలో పడుకోబెట్టి, గుప్పెడు తవుడుకు పిన్నికి అమ్మేశాం. పిన్ని పిల్లలందరూ నిలిచారు మరి. మా వైపు అలా చేస్తారు. అమ్మాక నాదని నోటితో అనకూడదు. అంటే, ఆ ఇద్దర్నీ తీసుకుపోయిన చావు మళ్ళీ వస్తుందని భయం.

మాటలు విని పిన్ని వచ్చింది. “నేను కొనుక్కున్న పిల్లండి,” అంది దర్జాగా.

“కొనుక్కున్నారా!” ఆవిడ చల్లదనం ఎగిరిపోయింది. “పిల్లల్ని అమ్మడం నేరం. పోలీసులకి చెప్పాల్సొస్తుంది. పాపని తీసుకెళ్ళి హోంలో పెడతారు.”

“డబ్బుకి కాదండి, తవుడుకండి!”

“గుప్పెడు తవుడుకి పిల్లనెవరిస్తారమ్మా?” అని మగమనిషి నవ్వి, పిల్ల వైపు ఒక అడుగు వేశాడు.

“నాదే,” అన్నాను. “నేనే కన్నాను. నా పిల్ల.”

పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళజోడావిడ నెమ్మదించి, అంతకుముందు పుట్టినవాళ్ళ గురించి అడిగింది. చెప్పాను. రాసుకుంది. మా పేట గురించి చివరికి ఏమని తేల్చారో మాకెవరూ చెప్పలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

వాళ్ళు కాలవ దాటేదాకా చూసి తలుపేసుకున్నాను. పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. పిల్ల నిలుస్తుందని ఆ రోజు నాకేం తెలుసు? నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. తీస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని తియ్యలేదు. కాసేపటికి అది కళ్ళు తెరిచి, నా వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది. అప్పుడు ఆపుకోలేక గట్టిగా ఏడ్చేశాను.

గోడ అవతల నుంచి పిన్ని, పేటంతా వినేలా కేకేసింది. “ఊరుకోవే! నా పిల్ల దడుసుకుంటది.”