ఒక్క చెంచా గంజి

వెరోనికా మెత్తని మనిషేమీ కాదు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఆమె దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు బేరమాడితే, గుడ్డ తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టేస్తుంది. అంత గట్టి మనిషీ కొడుకు ఇంటికొచ్చిన రోజు ఏడ్చింది.

ఆ ఇంట్లో ఏటా ఆగస్టులో ఒకరోజు గంజి కాస్తారు. యుద్ధకాలంలో జపానువాళ్ళు రైలుదారి వెయ్యడానికి పట్టుకుపోయిన కూలీలకు విడుదల దొరికిన రోజది. ఆ కూలీల్లో ఆమె తాత ఆర్థర్ ఒకడు. శిబిరం తెరిచిన సైనికులు జాలిపడి అన్నం, డబ్బా మాంసం గుమ్మరించారు. మాడిన కడుపుతో ఆబగా తిన్న తాత తమ్ముడు సాయంత్రానికల్లా కన్నుమూశాడు. తమ్ముణ్ణి పాతిపెట్టి వచ్చి, తాత పెట్రోలు డబ్బా రేకు కోసి చెంచా చేశాడు. దాని కాడ మీద మేకుతో 1945 అని గీశాడు. ఆకలికి మాడినవాడికి ఆగి ఆగి ఒక్కో చెంచా గంజే పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పాడు.

ఏటా ఇంటిల్లిపాదికీ ఆ చెంచాతో ఒక్కసారే గంజి. తాగినవాడు తన నోటితోనే "సాలు" అనాలి. ఆ తర్వాతే భోజనం. ఆమె కొడుకు జెర్రీ మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు. "ఇంకో సెంచా!" అని చెయ్యి చాపి అందర్నీ నవ్వించేవాడు.

సైనిక ప్రభుత్వానికి ఎదురుతిరిగిన ఒక ఊరేగింపులో నడిచాడని ఆ జెర్రీని పోలీసులు పట్టుకుపోయారు. జైల్లో నెలల తరబడి అరకడుపు తిండి కూడా పెట్టకుండా ఆ ఉదయం వదిలిపెట్టారు. మెట్లెక్కలేక గోడ పట్టుకుని వచ్చాడు. డాక్టరు సాయంత్రం గానీ రాలేనన్నాడు. ఈలోగా పక్కింటి దుర్గ బిర్యానీ పొట్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వాసనకే జెర్రీ కళ్ళు పొట్లానికి అతుక్కుపోయాయి.

వెరోనికా పొట్లం లాగేసుకుంది. పలచటి గంజి కాచి, రేకు చెంచాతో ఒక్కసారి తాగించింది.

"తల్లివేనా నువ్వు? ఎముకలు తేలిపోయాయి ఆడికి. తిననీ అక్కా!" అంది దుర్గ.

"తింటే సచ్చిపోతాడే. పట్టుకుపో దీన్ని."

జెర్రీ పొట్లం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టి దించింది. వాడికి ఏడవడానికైనా ఓపిక లేదు.

"ఆళ్ళూ ఇలాగే కొలిసి పెట్టేవోరు. నువ్వు కూడానా, అమ్మా?"

ఆమె పొట్లం తిరిగి దుర్గ చేతిలో పెట్టేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టని అమ్మ ఏం అమ్మ? తాత మాటే తప్పయితే? బిడ్డ ఆకలితో తన కళ్ళ ముందే పోతే? దుర్గ తిట్టుకుంటూ పొట్లంతో వెళ్ళిపోయింది. వెరోనికా కాసేపు ఆగి రెండో చెంచా ముంచింది. వాడి నోటిదాకా వెళ్ళేలోగా సగం గంజి ఒలికిపోయింది.

జెర్రీ మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్నవాడు మళ్ళీ చూశాడు. చెంచా కాడ మీది గీతల్ని వేలితో తడిమాడు. నోరు తెరిచి, ఆ సగం చెంచా తాగాడు. తరువాత అరచేతిని గంజి గిన్నె మీద మూతలా పెట్టాడు.

"సాలు," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆ మాట అనడం అదే మొదలు. ఇంకొక్క చెంచా పెట్టాలని ఆ తల్లి ప్రాణం కొట్టుకులాడింది. ఏడుస్తూనే చెంచా కడిగి బోర్లించింది.